కాంగో లేని స్మృతి: కెప్టెన్ గుర్‌బచన్ సింగ్ సలారియా

పోరులో మరణించిన మనిషిని గుర్తుంచుకోవడానికి తెలుగు నేల మీద చాలా పాత పద్ధతి ఒకటి ఉంది. చిత్తూరు, కడప ప్రాంతాలలో పొలాల గట్ల మీద, గుడి ఆవరణల్లో నేటికీ కనిపించే వీరగల్లులు, అంటే పోరులో పడిపోయిన వీరుని కోసం నిలిపిన శిలలు, బాణుల, వైదుంబుల, నొళంబుల పాలనాకాలాల నాటివి అనేకం ఉన్నాయి. వాటి మీద ఆయుధం పట్టిన వీరుని రూపం ఉంటుంది. కొన్నింటిలో అతన్ని స్వర్గానికి తోడుకొనిపోయే అప్సరసలు కూడా ఉంటారు. అయితే శాసనం చెక్కిన శిలల్లో చరిత్రకారులకు విలువైనది ఆ శిల్పం కాదు, దాని కింది నాలుగు పంక్తులే. వీరుని పేరుతో పాటు అతడు ఎవరి పక్షాన నిలబడ్డాడు, ఏ ఊరి మీద జరిగిన దాడిలో పడ్డాడు, లేదా ఎవరి పశువుల మందను మళ్లించబోయి చనిపోయాడు అన్న సంగతిని కూడా ఆ పంక్తులు చెబుతాయి. పేరు, పక్షం, తగువు అన్న ఈ మూడూ కలిస్తేనే ఆ కాలపు మనుషుల దృష్టిలో స్మరణ పూర్తయ్యేది. కారెంపూడిలో ఏటా కార్తీక మాసంలో జరిగే వీరారాధనలోనూ పల్నాటి వీరుల పరాక్రమాన్ని మాత్రమే తలచుకుని ఊరుకోరు. ఆ యుద్ధం ఎందుకు వచ్చింది, కోడిపందెం దగ్గర మొదలైన పగ ఎక్కడిదాకా పోయింది అన్న కథంతా వీరవిద్యావంతుల నోట వినిపించవలసిందే.

ఆధునిక రాజ్యం సైనికుని స్మరించే తీరులో ఈ మూడింటిలో ఒకటి తరచు జారిపోతుంది. సరిహద్దులో మరణించిన సైనికుని విషయంలో ఆ లోపం అంతగా తెలియదు, ఎందుకంటే తగువు ఏమిటన్నది వేరే చెప్పనక్కర లేకుండానే అందరికీ తెలిసి ఉంటుంది. సముద్రం దాటి, తన దేశానిది కాని నేల మీద, తన దేశానిది కాని కలహంలో ప్రాణం ఇచ్చిన సైనికుని విషయంలో మాత్రం తగువు ఏమిటో చెప్పకపోతే మిగిలేది వట్టి ధైర్యం ఒక్కటే. ఆ ధైర్యం దేనికి ఖర్చయిందన్న ప్రశ్నకు జవాబు లేని స్మృతి సగం స్మృతి అన్నదే ఈ ఉపన్యాసంలోని వాదం. దానికి ఆధారంగా తీసుకున్నది 1961 డిసెంబరు 5న కాంగోలోని ఎలిజబెత్‌విల్ నగరంలో, ఐక్యరాజ్యసమితి దళంలో పనిచేస్తూ 26 ఏళ్ల వయసులో మరణించిన కెప్టెన్ గుర్‌బచన్ సింగ్ సలారియా ఉదంతం.

భారతీయ సైనికుడు సముద్రం దాటడం సలారియాతో మొదలైనది కాదు. 1824లో మొదటి బర్మా యుద్ధానికి ఓడలెక్కిన మద్రాసు సైన్యపు సిపాయిలలో తెలుగువారూ ఉన్నారు. మొదటి ప్రపంచ యుద్ధంలో పది లక్షలకు పైగా భారతీయులు ఫ్రాన్సు, మెసొపొటేమియా, తూర్పు ఆఫ్రికా, పాలస్తీనా, గల్లిపోలీ రంగాలకు తరలివెళ్లారు. పశ్చిమ గోదావరి జిల్లాలో జనం మిలిటరీ మాధవరం అని పిలుచుకునే ఊరు రెండు ప్రపంచ యుద్ధాలకూ తన బిడ్డలను పంపిన ఊరిగా పేరుపడింది. వీరిలో తిరిగి రానివారిని సామ్రాజ్యం గుర్తుంచుకున్న తీరు ఒక్క రకంగా లేదు. ఫ్రాన్సులోని న్యూవ్ షాపెల్ దగ్గర 1927లో ఆవిష్కరించిన స్మారకం మీద, సమాధి అంటూ లేని 4,700 మందికి పైగా భారతీయుల పేర్లు చెక్కారు. ఇంగ్లండులోని బ్రైటన్ కొండల మీద, అక్కడి ఆసుపత్రుల్లో చనిపోయిన హిందూ, సిక్కు సైనికులను దహనం చేసిన చోట, 1921లో తెల్లని ఛత్రి ఒకటి వెలిసింది. ఇరాకులోని బస్రా స్మారకం మీద మాత్రం ఆఫీసర్ల పేర్లు చెక్కి, సామాన్య భారతీయ సిపాయిలను రెజిమెంటుకు ఇంతమంది అని అంకెలలో ముగించారు. కామన్వెల్తు యుద్ధ సమాధుల కమిషన్ 2021లో వెలువరించిన నివేదికలో, ఇటువంటి అసమానతలు జరిగాయని స్వయంగా ఒప్పుకుంది. పేరున్న ఆఫీసరు, అంకెగా మారిన సిపాయి అన్న ఈ విభజన సామ్రాజ్యంతో పోయిందని అనుకోవడానికి లేదు; అది సలారియా ఉదంతంలోనూ మరో రూపంలో ఎదురవుతుంది.

సలారియా 1935 నవంబరు 29న షకర్‌గఢ్ సమీపంలోని జన్వాల్ గ్రామంలో పుట్టాడు. ఆ ఊరు నేడు పాకిస్తాన్‌లో ఉంది. తండ్రి మున్షీ రామ్ బ్రిటిష్ ఇండియా సైన్యంలో హాడ్సన్స్ హార్స్ అనే అశ్విక దళంలోని డోగ్రా స్క్వాడ్రన్‌లో పనిచేసినవాడు. దేశ విభజనతో ఆ కుటుంబం గురుదాస్‌పూర్ జిల్లాలోని జంగల్ గ్రామానికి వలస వచ్చింది. బాలుడు మొదట బెంగళూరులో, తరువాత జలంధర్‌లో కింగ్ జార్జి సైనిక విద్యాలయాల్లో చదివి, 1953లో జాతీయ రక్షణ అకాడమీలో చేరి, 1957 జూన్ 9న డెహ్రాడూన్ నుంచి కమిషన్డ్ ఆఫీసరుగా బయటికి వచ్చాడు. మూడో గూర్ఖా రైఫిల్స్‌లో కొంతకాలం ఉన్న తరువాత ఒకటో గూర్ఖా రైఫిల్స్ మూడో బెటాలియన్‌కు మారాడు. ఈ జీవితంలో సామాన్యానికి భిన్నమైనది పెద్దగా ఏమీ లేదు. సిపాయిల ఇంట పుట్టి, కాందిశీకుడై వచ్చి, సైన్యంలో చేరిన పంజాబు యువకులు ఆ తరంలో వందల మంది ఉన్నారు. విశేషమంతా అతడు అడుగుపెట్టిన చోటిలోనే ఉంది.

కాంగో 1960 జూన్ 30న బెల్జియం నుంచి స్వతంత్రమైంది. కొద్ది రోజుల్లోనే సైన్యం తిరగబడింది. తన పౌరులను కాపాడే పేరుతో బెల్జియం దళాలను దింపింది. జులై 11న దక్షిణాన ఉన్న కాటంగా ప్రాంతం మొయిజ్ షోంబే నాయకత్వంలో విడిపోతున్నట్లు ప్రకటించింది. కాటంగా అంటే కేవలం ఒక ప్రాంతం కాదు, కాంగో ఖజానా. రాగి, కోబాల్టు గనులన్నీ అక్కడివే. హిరోషిమా మీద వేసిన బాంబుకు యురేనియం ప్రధానంగా వచ్చిన షింకొలొబ్వే గనీ అక్కడిదే. ఆ గనులను నడిపించే యూనియన్ మినియేర్ కంపెనీ కాంగో ప్రభుత్వానికి చెల్లించవలసిన పన్నులను షోంబే ప్రభుత్వానికి చెల్లించడంతో విడిపోయినవారికి సొంత సైన్యం పెట్టుకునే స్తోమత కలిగింది. ఆ సైన్యానికే జెండార్మరీ అని పేరు. సగం పోలీసు, సగం సైన్యం లాంటి ఆ దళాన్ని నడిపించినవారిలో బెల్జియన్ ఆఫీసర్లతో పాటు ఫ్రాన్సు, దక్షిణాఫ్రికా వంటి దేశాల నుంచి జీతానికి వచ్చిన కిరాయి సైనికులు ఉన్నారు. కాంగో తొలి ప్రధాని పాట్రిస్ లుముంబాను 1961 జనవరి 17న చంపింది కూడా ఈ కాటంగాలోనే, అక్కడి అధికారుల చేతుల్లో, బెల్జియన్ల సమక్షంలో.

ఐక్యరాజ్యసమితి ఈ కలహంలోకి దిగిన తీరు మెట్టుమెట్టుగా సాగింది. 1960 జులై 14న భద్రతామండలి చేసిన తీర్మానం బెల్జియన్ దళాలు వెనుదిరగాలని కోరుతూ, కాంగో ప్రభుత్వానికి సైనిక సహాయం అందించే అధికారాన్ని ప్రధాన కార్యదర్శి డాగ్ హామర్‌షోల్డ్‌కు ఇచ్చింది. శాంతి పరిరక్షణ అన్న పద్ధతికి అప్పటికి మూడు కట్టుబాట్లు స్థిరపడి ఉన్నాయి: దళం ఆతిథ్య దేశపు అంగీకారంతోనే ఉండాలి, ఏ పక్షమూ వహించకూడదు, ఆత్మరక్షణకు తప్ప ఆయుధం వాడకూడదు. లుముంబా హత్య తరువాత, 1961 ఫిబ్రవరి 21 తీర్మానం అంతర్యుద్ధాన్ని నివారించడానికి తప్పనిసరైతే చివరి మార్గంగా బలప్రయోగానికి అనుమతించింది. ఆ ఏడాదే నవంబరు 24 తీర్మానం కాటంగా వేర్పాటును సూటిగా ఖండించి, విదేశీ కిరాయి సైనికులను పట్టుకుని పంపివేయడానికి బలం వాడవచ్చని చెప్పింది. ఈ రెండు తీర్మానాల మధ్యనే, సెప్టెంబరు 17-18 రాత్రి, షోంబేతో కాల్పుల విరమణ మాట్లాడడానికి బయలుదేరిన హామర్‌షోల్డ్ విమానం ఎన్‌డోలా దగ్గర కూలి ఆయన మరణించాడు. శాంతిని కాపాడే దళం శాంతి కోసం పోరాడే దళంగా మారిపోయిన ఈ పదహారు నెలల పరిణామం తెలియకపోతే, డిసెంబరు 5న ఒక భారతీయ కెప్టెన్ కవచవాహనాల మీద రాకెట్లు పేల్చించడం ఎలా సంభవమైందో అర్థం కాదు.

భారతదేశం మొదట పంపినది ఆసుపత్రి, సరఫరా, సిగ్నల్ విభాగాలను మాత్రమే. ప్రధాన కార్యదర్శి ప్రతినిధిగా కాంగోలో మొత్తం కార్యక్రమాన్ని కొంతకాలం నడిపించినవాడు రాజేశ్వర్ దయాళ్ అనే భారతీయ దౌత్యవేత్త. ఫిబ్రవరి తీర్మానం తరువాత, వలసపాలకులు వెనుక తలుపు గుండా తిరిగి వస్తున్న చోట కొత్తగా స్వతంత్రమైన దేశం ముక్కలు కాకూడదన్న విధానంతో, నెహ్రూ ప్రభుత్వం బ్రిగేడియర్ కె.ఎ.ఎస్. రాజా నాయకత్వంలో 99వ పదాతి బ్రిగేడును పంపింది. సుమారు మూడు వేల మంది ఉన్న ఆ బ్రిగేడు కాంగోలో ఐక్యరాజ్యసమితికి ప్రధాన పోరాట బలమైంది. సలారియా బెటాలియన్ దానిలోనిదే. అక్టోబరులో భారత వైమానిక దళపు ఐదో స్క్వాడ్రన్ నుంచి కాన్‌బెరా బాంబర్లు కూడా వెళ్లాయి. వేర్పాటుకు చివరి దెబ్బ తగిలిన 1962 చివరి, 1963 తొలి రోజుల పోరాటంలో దక్షిణాది జవాన్లతో కూడిన మద్రాస్ రెజిమెంట్ నాలుగో బెటాలియన్ పాల్గొన్నది కాబట్టి, కాంగో చరిత్ర తెలుగు సైనిక కుటుంబాలకు బొత్తిగా పరాయిది కాదు.

1961 నవంబరు చివరి వారంలో ఎలిజబెత్‌విల్ (నేటి లుబుంబాషి) వాతావరణం పూర్తిగా చెడింది. ఐక్యరాజ్యసమితి అధికారులు జార్జి ఐవన్ స్మిత్, బ్రయన్ అర్కర్ట్‌లను ఒక విందు దగ్గర కాటంగా పారా సైనికులు పట్టుకుని చితకబాదారు. అదే రాత్రి సలారియా బెటాలియన్‌కే చెందిన మేజర్ అజిత్ సింగ్ అపహరణకు గురై ప్రాణాలు కోల్పోయాడు. డిసెంబరు మొదటి రోజుల్లో జెండార్మరీ దళం నగరానికీ విమానాశ్రయానికీ మధ్యనున్న రోడ్డు మీద అడ్డుకట్టలు వేసింది. పైకి ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది. కానీ నగరంలో ఉన్న ఐక్యరాజ్యసమితి బలగాలకు మందుగుండు, ఆహారం, అదనపు సైనికులు అన్నీ విమానాశ్రయం నుంచే రావాలి. ఆ రోడ్డు పోతే నగరంలోని కార్యాలయం, దాని రక్షణలో శిబిరాల్లో తలదాచుకున్న వేలాది బలూబా తెగ శరణార్థులు ముట్టడిలో చిక్కుకున్నట్లే. రెండు సైన్యాల మధ్య జరిగిన తగువంతా ఆ రోడ్డు మీది ఒక కూడలి దగ్గరకు వచ్చి ఆగింది.

డిసెంబరు 5 నాటి పథకం సరళమైనది. ఒక కంపెనీ రెండు స్వీడిష్ కవచకార్ల తోడుతో కూడలి దగ్గరి అడ్డుకట్ట మీద ఎదురుగా దాడి చేయాలి. సలారియా రెండు సెక్షన్ల గూర్ఖాలతో, రెండు స్వీడిష్ కవచవాహనాలతో విమానాశ్రయం వైపు నుంచి ముందుకు వచ్చి, పారిపోయే శత్రువుకు దారి మూయాలి. సెక్షన్ అంటే సుమారు పది మంది ఉండే అతి చిన్న పోరాట విభాగం. ఆ రోజు అతని వెంట ఉన్నవారు పదహారు మంది. మధ్యాహ్నం 1.12 గంటల ప్రాంతంలో ఈ చిన్న దళం కూడలికి 1,500 గజాల దూరానికి చేరేసరికి, కుడివైపు కందకాలలో ఎవరికీ కనిపించకుండా పొంచి ఉన్న శత్రువు నుంచి ఆటోమేటిక్ తుపాకుల కాల్పులు మొదలయ్యాయి. అక్కడ సుమారు తొంభై మంది, రెండు కవచకార్లు ఉన్నట్లు తెలిసింది. పథకంలో లేని రెండో అడ్డుకట్ట అది.

ఆ క్షణంలో సలారియా ముందు రెండు దారులున్నాయి. వాహనాల చాటున నిలిచి, ఎదురు కాల్పులు జరుపుతూ సహాయం కోసం వేచి ఉండడం ఒకటి. అలా చేసినా తప్పు పట్టేవారు లేరు, ఎందుకంటే అతనికి అప్పగించిన పని దారి మూయడమే కానీ దాడి చేయడం కాదు. అయితే ఈ తొంభై మంది కూడలి వైపు కదిలితే ఎదురుగా దాడి చేస్తున్న కంపెనీకి పక్క నుంచి దెబ్బ తగులుతుంది, బెటాలియన్ పథకమంతా తలకిందులవుతుంది. అందుచేత రాకెట్ లాంచర్‌తో కవచకార్లను పేల్చివేయించి, బయొనెట్లు, గ్రెనేడ్లు, కుక్రీలతో కందకాల మీదికి నేరుగా దాడి నడిపించాడు. కుక్రీ అంటే గూర్ఖాలు నడుముకు కట్టుకునే వంపు తిరిగిన కత్తి. చేతికి చెయ్యి తగిలే దూరంలో తప్ప దానికి పని లేదు. ఆ ఆయుధం ప్రస్తావన ఒక్కటే ఆ పోరాటం ఎంత దగ్గరలో జరిగిందో చెబుతుంది. సుమారు నలభై మంది చనిపోగా, సంఖ్యలో ఎంతో ఎక్కువగా ఉండి కూడా మిగిలినవారు చెదిరి పారిపోయారు. ఆటోమేటిక్ తుపాకీ తూటాలు మెడలో దిగిన సలారియా రక్తం ధారగా పోతున్నా కుప్పకూలే దాకా పోరాడి మరణించాడు. కూడలి దగ్గర ప్రధాన దాడి ఫలించింది. నగరంలోని ఐక్యరాజ్యసమితి కేంద్రాన్ని చుట్టుముట్టే ప్రయత్నం భగ్నమైంది.

ఈ వివరాలన్నీ ప్రధానంగా ఒకే ఆధారం నుంచి వచ్చినవి: సలారియాకు మరణానంతరం దక్కిన పరమవీరచక్ర పతకంతో పాటు ప్రకటించిన ప్రశంసాపత్రం. సైనిక పరిభాషలో ప్రశంసాపత్రమంటే పతకానికి కారణమైన చర్యను క్లుప్తంగా, అధికారికంగా నమోదు చేసే పత్రం. గంట, గజాలు, శత్రువుల సంఖ్య, ఆయుధాల పేర్లు అన్నీ దానిలో ఉంటాయి. ఈ పత్రానికి ఒక విలువైన గుణం ఉంది, అది అలంకారం వైపు పోదు. దానిలోనే ఒక లోపమూ ఉంది. నలభై మందిని చంపి, రెండు కవచకార్లను నాశనం చేసినవాడు సలారియా ఒక్కడే అన్నట్లు అది చెబుతుంది; పదహారు మంది గూర్ఖాలు ఆయన నుంచి స్ఫూర్తి పొందిన చిన్న బలగంగా, ఒక అంకెగా చివర ఎక్కడో కనిపిస్తారు. రాకెట్ లాంచర్ భుజాన పెట్టుకున్నది ఎవరు, ముందుగా కందకంలోకి దూకినది ఎవరు అన్న సంగతులు అందులో లేవు. పతకం ఒక మనిషికి ఇచ్చేది కాబట్టి అలా రాయక తప్పదని వాదించవచ్చు, ఆ వాదనలో న్యాయం కూడా ఉంది. కానీ ఆ పత్రమే తరతరాలకు చరిత్రగా మిగిలినప్పుడు బస్రా గోడ మీది అంకెల పద్ధతి కొత్త రూపంలో కొనసాగినట్లే అవుతుంది.

ఆ పదహారు మందిని గురించి ఆలోచించడానికి మరో కారణం ఉంది. 1947లో భారత్, బ్రిటన్, నేపాల్ చేసుకున్న త్రైపాక్షిక ఒప్పందం ప్రకారం పది గూర్ఖా రెజిమెంట్లలో ఆరు భారత సైన్యానికి, నాలుగు బ్రిటిష్ సైన్యానికి వచ్చాయి. ఈ రెజిమెంట్లలో భారతీయ గూర్ఖాలతో పాటు నేపాల్ పౌరులు కూడా పనిచేస్తారు. అంటే ఆ మధ్యాహ్నం ఎలిజబెత్‌విల్‌లో విభజన కాందిశీకుడైన ఒక పంజాబీ ఆఫీసరు, నేపాల్ కొండల వారి రెజిమెంటుతో, స్వీడన్ సైన్యపు వాహనాలలో, న్యూయార్కులో ఆమోదించిన తీర్మానం ప్రకారం, బెల్జియన్లు నిలబెట్టిన దళం మీద, కాంగో ఐక్యత కోసం పోరాడాడు. దేశభక్తి అన్న ఒక్క మాటలో ఇమిడే విషయం కాదిది. సలారియాను దేశం కోసం ప్రాణమిచ్చినవాడిగా మాత్రమే చెప్పేవారు ఆయనకు గౌరవమే చేస్తున్నారు కానీ, ఆయన చేసిన పనిని కుదించి చెబుతున్నారు.

పరమవీరచక్ర ప్రదానంలోనే ఒక న్యాయపరమైన చిక్కు దాగి ఉంది. 1950 జనవరి 26న నెలకొల్పి, 1947 ఆగస్టు 15 నుంచి వర్తింపజేసిన ఈ పతకం నియమాల ప్రకారం శత్రువు ఎదుట చూపిన అసాధారణ శౌర్యానికే దక్కుతుంది. శత్రువు ఎదుట కాని సందర్భాలకు అశోకచక్ర వేరే ఉంది. శాంతి పరిరక్షణ సిద్ధాంతంలో శత్రువు అనేవాడే లేడు. దళం ఏ పక్షమూ వహించదు కాబట్టి దానికి ఎదురు నిలిచేవారు ఉండవచ్చు కానీ శత్రువులు ఉండరు. అటువంటప్పుడు ఐక్యరాజ్యసమితి నీలి జెండా కింద చనిపోయిన ఆఫీసరుకు పరమవీరచక్ర ఇవ్వడమంటే, కాటంగా జెండార్మరీని శత్రువుగా భారత ప్రభుత్వం అంగీకరించినట్లే. ఆ నిర్ణయం వాస్తవానికి దగ్గరగా ఉందనే చెప్పాలి. కాంగోలో జరిగినది నిజమైన యుద్ధమే. ఆ కార్యక్రమంలో వివిధ దేశాలకు చెందిన సుమారు 250 మంది ఐక్యరాజ్యసమితి సిబ్బంది ప్రాణాలు కోల్పోయారు. ఐక్యరాజ్యసమితి దళంలో పనిచేస్తూ పరమవీరచక్ర పొందినవాడు సలారియా ఒక్కడే. సముద్రం దాటి వెళ్లి ఈ పతకం పొందిన రెండోవాడు, 1987 నవంబరు 25న శ్రీలంకలో మరణించిన మేజర్ రామస్వామి పరమేశ్వరన్. ఆయన వెళ్లినది భారత శాంతి పరిరక్షణ దళం తరఫున, అంటే ఐక్యరాజ్యసమితి తరఫున కాక రెండు ప్రభుత్వాల మధ్య కుదిరిన ఒప్పందం తరఫున. శ్రీలంకలో వెయ్యి మందికి పైగా భారతీయ సైనికులు చనిపోయారు. వారి తగువును గురించి భారతదేశంలో బాహాటంగా మాట్లాడడానికి రాజకీయ పక్షాలు చాలాకాలం ఇష్టపడలేదు. వారి స్మరణలో కనిపించే ఇబ్బందికి మూలం అదే.

కాంగో విషయంలో అలాంటి సంకోచం లేదు, మరపే ఉంది. సలారియా మరణించిన పన్నెండు రోజులకే గోవా విముక్తి చర్య మొదలై దేశమంతటి దృష్టి అటు మళ్లింది. ఏడాది తిరగకముందే చైనా యుద్ధం వచ్చి, దేశానికి కొత్త వీరులను, తీరని అవమానాన్ని మిగిల్చింది. ఆ యుద్ధం మూలంగానే కాంగో నుంచి బ్రిగేడును వెనక్కి పిలిపించుకోవలసి వచ్చింది. 1963 జనవరిలో షోంబే వేర్పాటుకు స్వస్తి చెప్పినప్పుడు, ఆ ఫలితంలో భారతీయ సైనికుల పాత్ర ఎంత పెద్దదైనా, దాన్ని పండుగ చేసుకునే మనఃస్థితిలో దేశం లేదు. ఆ తరువాత సలారియా పేరు జాబితాలలో బతికింది. 1980లలో షిప్పింగ్ కార్పొరేషన్ తన ముడిచమురు నౌకలకు పరమవీరచక్ర గ్రహీతల పేర్లు పెట్టినప్పుడు ఒక నౌక ఆయన పేరు మోసింది. 2019లో ఢిల్లీలో ప్రారంభించిన జాతీయ యుద్ధ స్మారకంలోని పరమయోధ స్థలంలో ఆయన ప్రతిమ ఉంది. 2023 జనవరి 23న అండమాన్‌లోని పేరులేని 21 దీవులకు 21 మంది గ్రహీతల పేర్లు పెట్టినప్పుడు ఒకటి సలారియా దీవి అయింది. వీటన్నిటిలో ఆయన పతక గ్రహీతల వరుసలో ఒకడు. ఆయన్ను తక్కిన ఇరవై మంది నుంచి వేరు చేసే సంగతి, అంటే కాంగో, వాటిలో దేనిలోనూ నిలిచి కనిపించదు.

కాంగోను తిరిగి స్మృతిలోకి తెస్తే అసౌకర్యమైన సంగతులు కూడా వెంట వస్తాయి, వాటిని దాటవేయడం తగదు. డిసెంబరు పోరాటంలో నగర పౌరులు కూడా నష్టపోయారు. ఎలిజబెత్‌విల్‌లోని 46 మంది పౌర వైద్యులు ఐక్యరాజ్యసమితి దళం ఆసుపత్రులను, పౌరులను దెబ్బతీసిందని తీవ్రంగా ఆరోపిస్తూ 1962లో ఒక పుస్తకమే వెలువరించారు. ఆ వైద్యులలో ఎక్కువమంది బెల్జియన్లు, షోంబే పక్షపాతులు అని చెప్పి వారి మాటను పూర్తిగా తోసివేయడం సులభమే కానీ, ఇరుకు నగరంలో మోర్టార్లు పేలినప్పుడు అమాయకులు చనిపోకుండా ఉండరు. కందకాలలో చనిపోయిన ఆ నలభై మంది కాటంగా జెండార్మరీ సైనికుల సంగతి కూడా ఇంతే. వారి ప్రయోజనం కోసం కాక గని కంపెనీ, కిరాయి ఆఫీసర్ల ప్రయోజనం కోసం వారిని అక్కడ కూర్చోబెట్టారని వాదించవచ్చు. అలా వాదించినా వారు ఆ నేలకు చెందినవారే. ఈ సంగతులేవీ సలారియా ధైర్యాన్ని తగ్గించవు. ఆ ధైర్యానికి సరైన చుట్టుకొలత ఇస్తాయి.

స్మారకాల విషయంలో ఇటీవల ఒక మేలు జరిగింది. ప్రాణాలు కోల్పోయిన శాంతి సైనికుల పేర్లతో ఐక్యరాజ్యసమితి కేంద్ర కార్యాలయంలో ఒక స్మారక గోడ కట్టాలని భారతదేశం ప్రవేశపెట్టిన తీర్మానాన్ని 2023 జూన్‌లో సర్వసభ్య సభ ఏకగ్రీవంగా ఆమోదించింది. ఐక్యరాజ్యసమితి కార్యక్రమాలలో ఏ దేశం కంటే ఎక్కువగా, 170 మందికి పైగా సైనికులను పోగొట్టుకున్న దేశం ఆ ప్రతిపాదన చేయడం సముచితమే. అయితే గోడ మీద పేర్లు మాత్రమే ఉంటే అది న్యూవ్ షాపెల్ నాటి పద్ధతికి చేరుతుంది కానీ వీరగల్లు దాకా రాదు. ఏ కార్యక్రమం, ఏ తీర్మానం, ఏ తగువు అన్న సంగతి పేరు పక్కన రాయడానికి రాతిలో చోటు లేకపోతే, రెజిమెంట్ల చరిత్రల్లో, సైనిక పాఠశాలల పాఠాల్లో, పత్రికల్లోనైనా రాయాలి. పదహారు మంది గూర్ఖాల పేర్లకు కూడా తగిన చోటు అక్కడే.

తగువును పేరు పక్కన రాసిపెట్టే ఆ పని ఎంత అవసరమో చూపే సంఘటన సలారియా మరణించిన ఆరు దశాబ్దాల తరువాత, అదే కాంగోలో జరిగింది. 1999లో మొదలైన కొత్త ఐక్యరాజ్యసమితి కార్యక్రమంలో భారతీయ దళాలు దేశపు తూర్పు భాగంలోని కివూ ప్రాంతంలో చాలాకాలంగా పనిచేస్తున్నాయి. 2022 జులై 26న బ్యూటెంబో పట్టణంలోని ఐక్యరాజ్యసమితి శిబిరం మీద నిరసనకారుల గుంపు విరుచుకుపడినప్పుడు సరిహద్దు భద్రతా దళానికి చెందిన ఇద్దరు భారతీయ హెడ్ కానిస్టేబుళ్లు ప్రాణాలు కోల్పోయారు. వారిని చంపినది గని కంపెనీ నిలబెట్టిన సైన్యం కాదు, వారు ఎవరిని కాపాడడానికి వెళ్లారో ఆ జనమే. ఆ జనం ఆగ్రహానికి కారణం కూడా దాచిపెట్టినదేమీ కాదు: రెండు దశాబ్దాలుగా వేలాది మంది సైనికులను అక్కడ ఉంచి కూడా తమ ఊళ్ల మీద సాయుధ ముఠాల దాడులను ఐక్యరాజ్యసమితి ఆపలేకపోయిందని వారి ఆరోపణ. మరుసటి ఏడాది కాంగో ప్రభుత్వమే ఆ దళాలు వెళ్లిపోవాలని కోరగా, 2023 డిసెంబరులో భద్రతామండలి దశలవారీ ఉపసంహరణకు ఆమోదం తెలిపింది.